కారు కుడికి లాగింది

మా మరిదిగారు కారు తాళం నన్ను అడిగి తీసుకోలేదు. వెనక సీట్లోంచి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీసి, స్టీరింగు పక్కగా చెయ్యి పోనిచ్చి, తాళం తిప్పి లాగి, తన చొక్కా జేబులో వేసుకున్నారు. నేనింకా సీట్లోనే ఉన్నాను. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కారు ముందు భాగం వలిచిన కొబ్బరికాయల రాశిలో సగం దాకా దిగి ఉంది. పాతిన గునపాల దగ్గర కాయలు వలుస్తున్న కూలీలు చేతులాపి చూస్తున్నారు.

"ఇక చాలండి వదినగారూ," అన్నారు ఆయన, వాళ్ళందరికీ వినిపించేలా. "ఈ వయసులో మనకెందుకండి ఈ సరదాలు."

కూలీల్లో ఒకాయన నవ్వాడు. ఆయన వేసుకున్న బనీను ఎక్కడ చిరిగి ఉందో ఇప్పటికీ చెప్పగలను.

ఇది నిరుడు ఆగస్టులో, రాజోలుకు దగ్గరలో ఉన్న మా ఊరి కాలవ గట్టు మీద జరిగింది. గోదావరి మధ్య లంకలో ఉండే, నాతో పనిచేసిన ఒక టీచరు తల్లిగారి జ్ఞాపకార్థ కూటానికి వెళ్ళి వస్తున్నాం. ముందు సీట్లో మావారు, వెనక మరిది. గోదావరి పోటు మీద ఉంది. లంక దారిలో కాజ్‌వే మీదుగా నీళ్ళు పారుతున్నాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే నేను ఎడమ అంచుకు జరిగి దారి ఇచ్చాను. అక్కడ రోడ్డు పల్లం. ఎడమ చక్రాలు లోతు నీళ్ళలోంచి వచ్చాయి, కుడి చక్రాలకు నీళ్ళు అంతగా అందలేదు. తర్వాత జరిగినదంతా ఈ తేడాలోనే ఉందని నేను అంటాను.

ఊళ్ళోకి వచ్చాక గట్టు మలుపులో ఒక గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు వేగం తగ్గింది కానీ తిన్నగా తగ్గలేదు. ఎవరో కుడి వెనక చక్రాన్ని పట్టుకుని ఆపినట్టు, ముక్కు కుడికి తిరిగిపోయింది. ఎడమవైపు కాలవ. కుడివైపు కాయల రాశి. గేదె తన దారిన తాను పోయింది.

మా మరిది చెప్పేది ఒకటే: వదినగారు కాలవను చూసి బెదిరిపోయి స్టీరింగు కుడికి తిప్పేశారు. నేను చెప్పేదీ ఒకటే: నేను తిప్పలేదు, కారు లాగింది. ఈ రెండు మాటల్లో ఏది నిజమైనా కారు వెళ్ళేది ఆ కాయల్లోకే. అందుకే ఎవరూ నా మాట నమ్మాల్సిన అవసరం లేకపోయింది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్ళాను. రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకున్నాను. కారు కొన్నది నాకొచ్చిన డబ్బుతో. బండి రాయించింది మావారి పేరున. రాయించిన రోజు ఎవరూ నన్నొక మాట అడగలేదు, అది వేరే సంగతి. ఆ కారు నాకు ఎందుకు కావాలంటే, అల్లవరంలో మా అక్క ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు దాటి రాదు. వారం వారం వెళ్ళి, ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఇద్దరం కలిసి కీర్తనలు పాడుకుని, తిట్టవలసిన వాళ్ళను తిట్టుకుని వస్తాను. దానికి నేను ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరి తీరికా చూడక్కర్లేదు. తాళం మరిది జేబులోకి వెళ్ళిన రోజు పోయింది అదే.

ఇంట్లో ఒక తీర్మానం జరిగింది. అవసరమైనప్పుడు డ్రైవరును పిలుద్దాం అన్నారు. డ్రైవరు పెళ్ళిళ్ళ రోజుల్లో దొరకడు, ఆదివారం రాడు, మిగతా రోజుల్లో ఫోను ఎత్తడు. మా అక్క ఫోన్లో, "పోన్లేవే, ఎప్పుడు వీలైతే అప్పుడే రా" అంది. ఆవిడ అలా మెత్తగా మాట్లాడితే నాకు ఇంకా కోపం వస్తుంది.

మావారు తగువు పడలేని మనిషి. నేను వాదిస్తే, "సరే టీచరుగారూ" అంటారు. తమ్ముడు వాదిస్తే, "నువ్వన్నదీ నిజమేరా" అంటారు. కారును మా ఊరి షెడ్డులో చూపించారు. రెండు రోజులు ఎండలో నిలబెట్టిన తర్వాత చూపించారు. అక్కడి మనిషి ఊరంతా ఓ చుట్టు తిప్పుకొచ్చి, "బ్రేకులు బంగారంలా ఉన్నాయండి" అన్నాడు. మా మరిది నావైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక రకం చూపే.

నాకు కోపం ఎంత ఉందో కుతూహలం కూడా అంతే ఉంది. నా కాలు ఒకటే పెడలు తొక్కింది. నాలుగు చక్రాలకూ ఒకే ఒత్తిడి ఇచ్చాను. మరి ఒక చక్రం విని ఇంకో చక్రం వినకపోవడం ఏమిటి? ఇన్నేళ్ళు పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పాను గానీ నా కారు దేన్ని రాసి ఆగుతుందో నేనెప్పుడూ చూడలేదు. ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూడడం మొదలుపెట్టాను.

ముందు చక్రాలకు డిస్కు ఉంటుంది. ఇనుప పళ్ళెం ఒకటి చక్రంతోపాటు తిరుగుతూ ఉంటే, రెండు దిమ్మలు ఇటూ అటూ నుంచి దాన్ని పట్టుకుంటాయి. తిరిగే పళ్ళేన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి ఆపినట్టు. నీళ్ళు పడ్డా ఆ పళ్ళెం తిరుగుడుకే చిమ్మేస్తుంది. నా కారు వెనక చక్రాలకు ఉన్నది డ్రమ్ము. అది మూత వేసిన గిన్నె. లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉండి, బ్రేకు తొక్కగానే విచ్చుకుని గిన్నె గోడను లోపలినుంచి నెడతాయి. బిందెలో రెండు మోచేతులు పెట్టి బయటికి ఒత్తితే ఎలా ఉంటుందో అలా. ఆ గిన్నెలోకి మామూలుగా నీళ్ళు పోవు. పోయాయంటే తొందరగా రావు.

ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు, ఆనందంతో.

ఇంట్లో రెండో తాళం ఉందన్న సంగతి మా మరిదికి తోచలేదు. అది నా కుట్టుమిషను సొరుగులో ఉంది. మా ఇంటి వెనక కొబ్బరి ఎండబెట్టుకునే సిమెంటు కళ్ళం ఉంది. ఒకరోజు పొద్దున్నే కారును అక్కడికి తీసుకెళ్ళాను. మావారిని సాక్షిగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. సుద్దముక్కతో నేలమీద తిన్నగా ఒక గీత గీశాను. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను మాత్రమే పడుతుందని అప్పటికి నేర్చుకున్నాను. అంటే ముందు చక్రాలను పక్కన పెట్టి, వెనక రెండింటినీ విడిగా నిలదీయొచ్చు.

ఎడమ వెనక చక్రానికి గొట్టంతో నీళ్ళు పెట్టాను, చాలాసేపు, డ్రమ్ము వెనక సందులోకి పోయేలా. తర్వాత గీత వెంట మెల్లగా నడిపి హ్యాండ్ బ్రేకు లాగాను. దిగి చూస్తే కుడి చక్రం వెనక నల్లటి చార ఉంది. ఎడమ చక్రం వెనక తడి మాత్రమే ఉంది. కారు గీత దాటి కుడికి వచ్చింది.

"చూశారా," అన్నాను.

"చూశాను," అన్నారు మావారు. "కానీ నువ్వు స్టీరింగు..."

ఆ మాట ఆయన పూర్తిచేయలేదు, నేను చూసిన చూపుకు. అయినా అన్నారు. ఆ సగం మాట కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

అందుకని నాలుగు రోజులు కారును ఎండలో ఆరబెట్టి, ఈసారి కుడి చక్రాన్ని తడిపాను. కారు ఎడమకు లాగింది. ఎడమవైపు కళ్ళం చివర మా పెంటకుప్ప ఉంది. బెదిరిన మనిషి పెంటకుప్ప వైపు ఎందుకు తిప్పుతుంది? మావారు కుర్చీలోంచి లేచి వెళ్ళి చారను కాలితో రాసి చూశారు. వంగి రెండో చక్రం దగ్గరా చూశారు. ఆయన ముఖంలో నిజంగానే ఆసక్తి కనిపించింది.

"ఇది మా తమ్ముడు చూడాలి," అన్నారు.

మా మరిది ఇల్లు పక్క వీధిలోనే. రమ్మంటే రాలేదు. "ఖాళీ కళ్ళంలో నీళ్ళు పోసుకుని ఆడితే ఏం తెలుస్తాదన్నయ్యా. రోడ్డు మీద గేదె వస్తే కదా తెలిసేది," అన్నారని మావారు వచ్చి చెప్పారు. ప్రయోగం చూడకుండా ఫలితం కొట్టిపారేసే పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు మార్కులు వేయలేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను, వెనక డ్రమ్ములు తీయించి డిస్కులు వేయిస్తానని. వాదించడం దండగ. కారణాన్నే ఊడబీకితే సరి.

ఇలా మార్పించుకోవచ్చా అని కనుక్కుందామని ముందు రవాణా శాఖ ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ వెనక ఉన్నాయన నా ప్రశ్న అంతా విని, "మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరాండీ?" అన్నాడు. ఉన్నారని చెప్పాను. "అయితే వాళ్ళను పంపించండి," అన్నాడు. మళ్ళీ వెళ్ళి, వేరే కిటికీలో, ఒక్కో సంగతీ విడదీసి అడిగి, జవాబు రాబట్టుకునే వచ్చాను. కంపెనీ ఇదే కారు పై మోడలుకు వెనక డిస్కులే వేసి అమ్ముతుంది కాబట్టి, ఆ సామాను తప్ప వేరేది పెట్టవద్దని, పని అయ్యాక బండి తెచ్చి చూపించమని అన్నారు. తర్వాత తీసుకెళ్ళి చూపించాను కూడా. మొదటి కిటికీ ముందునుంచే నడిచి వెళ్ళాను.

అమలాపురంలో ఒక మెకానిక్ ఉన్నాడు. పనిమంతుడని పేరు. ఆ పేరు అందరికంటే ఎక్కువగా ఆయనే చెప్పుకుంటాడు.

"డిస్కులెందుకండి మేడంగారూ," అన్నాడు. "ఆగడమంతా ముందు చక్రాలే చూసుకుంటాయండి. వెనకవి ఊరికే తోడు పెళ్ళికొడుకులాంటివి. షూలు మార్చేసి ఇచ్చేస్తానండి, హాయిగా పోదురుగాని."

"తోడు పెళ్ళికొడుకు నన్ను తీసుకెళ్ళి కొబ్బరికాయల్లో దింపాడండి," అన్నాను.

"ఆయ్. అదీ విన్నానండి."

"ఎవరు చెప్పేరు?"

"మీ మరిదిగారేనండి. మొన్న స్కూటరు తెచ్చేరు."

అమలాపురం దాకా తెచ్చి చెప్పారన్నమాట. ఇంక మాట్లాడకుండా డిస్కులు వేయమన్నాను.

దెబ్బతిన్న పై మోడలు కారు ఒకదాని నుంచి వెనక సెట్టు మొత్తం తెప్పించాడు. పళ్ళేలు, వాటిని పట్టే కాలిపర్లు, బిగించే బ్రాకెట్లు. పళ్ళేన్ని నొక్కే దిమ్మలు, ప్యాడ్లు, మాత్రం కొత్తవి పెట్టాలని పట్టుబట్టాను. పని జరుగుతున్నంతసేపూ షెడ్డులో స్టూలు వేయించుకుని కూర్చున్నాను. ఆయనకది నచ్చలేదు.

"ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి మేడంగారూ. అయ్యేక ఫోను చేస్తాను."

"నాకు రెస్టు వద్దండి. డ్రమ్ము విప్పేటప్పుడు చూడాలి."

"అందులో చూడ్డానికి ఏముంటాదండి?"

"నాకూ అదే తెలుసుకోవాలని ఉంది."

ఎడమ డ్రమ్ము సులువుగా రాలేదు. సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, ఊపి, లాగాడు. మూత ఊడిరాగానే నేను స్టూలు మీదనుంచి లేచి వంగి చూశాను. లోపల సన్నటి ఒండ్రు, ఎండి పెచ్చులు కట్టి, గోదావరి తగ్గాక లంకలో నేల ఎలా పగులుతుందో అలా పగిలి ఉంది. షూల మీద ఒకచోట మెరుపు, ఒకచోట తుప్పు. షూలు అరిగేకొద్దీ వాటిని గోడకు దగ్గరగా జరిపే చిన్న పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది. అది తుప్పుతో బిగుసుకుపోయింది. అంటే ఎడమ షూలు గోడకు దూరంగా ఉండిపోయాయి. కుడి డ్రమ్ము విప్పితే అందులో మామూలు నల్లపొడి తప్ప ఏమీ లేదు. దాని పళ్ళ చక్రం వేలితో తిప్పితే తిరిగింది.

మెకానిక్ రెంటినీ పక్కపక్కన పెట్టి నెత్తి గోక్కున్నాడు. "కుడికే లాగుతాదండి మరి," అన్నాడు.

"ఆ మాట మళ్ళీ అనండి."

"కుడికి లాగుతాదండి. ఎడం పక్కది పట్టదు కదండి."

ఫోనులో ఆ మాట రికార్డు చేసుకోవాలని అనిపించింది. కానీ ఒండ్రు పెచ్చులను ఫోటో తీయడంలో ఉండిపోయాను. ఎడమ డ్రమ్మును ఇంటికి తీసుకెళ్తానంటే ఆయన నవ్వాడు. "అందులో మొక్క వేసుకుంటారా ఏంటండి?" అన్నాడు. వేసుకోలేదు. పాత దినపత్రికలో చుట్టి తెచ్చి, మరిది వచ్చినప్పుడు కూర్చునే బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి, కాఫీ కప్పు కొంచెం పక్కకు జరుపుకుని తాగి వెళ్ళారు.

డిస్కులు బిగించడం ఆ రోజే అయిపోయింది. చిక్కు వచ్చింది హ్యాండ్ బ్రేకు దగ్గర. డ్రమ్ములో అయితే కేబులు వెళ్ళి షూలను లాగుతుంది. డిస్కులో కాలిపరుకే వెనక ఒక చిన్న మీట ఉంటుంది, కేబులు దాన్ని లాగాలి. పాత కేబులు పొడవు సరిపోలేదు. దెబ్బతిన్న కారు కేబులు తెచ్చి వేశాడు. చాలా రోజులు ఎక్కడో మూల పడి ఉన్న కేబులు అది. లోపలి తీగ తొడుగులో గరగరలాడింది.

ఆయన గూట్లోంచి ఒక సీసా తీశాడు. తీసి, కేబులు ఒక చివర పైకి పట్టుకుని, తొడుగులోకి ధారగా పోశాడు. వాసన నాకు వెంటనే తెలిసింది.

"కొబ్బరినూనేనా అండి అది?"

"మన గానుగదేనండి, స్వచ్ఛమైనది. దీన్ని మించిన నూనె ఇంకోటి ఉందాండి?"

మా ప్రాంతంలో ఈ ప్రశ్నకు లేదనే జవాబు. మా ఇంట్లో తలుపు బందులకు, తాళంకప్పలకు, కుట్టుమిషనుకు, సైకిలు గొలుసుకు, చర్చిలో హార్మోనియం తిత్తి కీళ్ళకు పడేది ఆ నూనే. పుట్టిన పిల్లకు మొదట రాసేదీ అదే. తీగను నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ లాగితే గరగర పోయి పట్టులా జారింది. కాలిపరు మీట కీలు మీద కూడా మిగిలిన నూనె వేశాడు. నేను చూస్తూ ఉన్నాను, తృప్తిగా.

ఆ అక్టోబరులో వానలు దండిగా పడ్డాయి. నేను కావాలని నీళ్ళున్న దారులు వెతుక్కుని వెళ్ళాను. పల్లంలోంచి ఎడమ చక్రాలు పోనిచ్చి, ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కి, స్టీరింగును వేళ్ళతో మాత్రమే పట్టుకుని చూశాను. కారు గీత గీసినట్టు ఆగింది. అల్లవరం ప్రతి వారం వెళ్ళాను. మా అక్కకు డిస్కు ఎలా పనిచేస్తుందో అప్పడం పట్టుకుని చూపిస్తే, ఆవిడ ఆ అప్పడం తినేసి, "ఇంతకీ వాడు ఒప్పుకున్నాడా?" అంది.

ఒప్పుకోలేదు. పైగా మా మరిది మావారితో ఇంకో మాట అన్నారు. "పనిచేసే బ్రేకులు పీకించి వేరే బండి బ్రేకులు పెట్టించేరు వదినగారు. ఇది ఎప్పుడో మొండికేస్తాది చూడన్నయ్యా. ఒక్కసారి మొండికేసిందంటే అమ్మేద్దాం. నువ్వు మాట ఇవ్వు."

"సరేరా," అన్నారు మావారు. ఇది నా ముందే జరిగింది. నా కారు గురించి, నా హాల్లో, నేను కాఫీ పట్టుకుని నిలబడి ఉండగా.

డిసెంబరు వచ్చింది, మంచు మొదలైంది. ఒక పొద్దున అల్లవరం బయల్దేరదామని హ్యాండ్ బ్రేకు దించాను. మీట కిందికి పడింది గానీ కారు కదలలేదు. యాక్సిలరేటరు గట్టిగా ఇస్తే బరువుగా ఈడ్చుకుంటూ కదిలింది. వీధి చివరకు వెళ్ళేసరికి కాలిన వాసన. దిగి చూస్తే వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కాసేపు ఆపి మళ్ళీ ఎక్కితే ఏమీ జరగనట్టు హాయిగా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం తీస్తే ఏ పేచీ లేదు. తర్వాతి ఉదయం మళ్ళీ పట్టేసింది. ఆ తర్వాత మబ్బు పట్టి, చలి తగ్గి, రెండు మూడు రోజులు సన్నగా ముసురు పడింది. ఆ ఉదయాల్లో పట్టలేదు. తడిస్తే చెడాల్సిన బ్రేకు వానలో బాగుండి, పొడి ఉదయాల్లో మొండికేయడమేమిటి? నాకు భయం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. భయం కూడా లేకపోలేదు. మరిదికి తెలిస్తే కారు పోతుంది, అల్లవరం పోతుంది. మెకానిక్‌కు ఫోను చేస్తే, "నా పనిలో తేడా రాదండి, మీరు మీట పూర్తిగా దించట్లేదేమోనండి" అన్నాడు. ఆ మాట కూడా రాసిపెట్టుకోవలసిందే.

హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి వదిలేస్తే సరిపోయేది. కానీ కారణం తెలియకుండా తప్పించుకోవడం నాకు చేతకాదు. రోజూ రాత్రి పడుకునే ముందు హ్యాండ్ బ్రేకు వేసి, పొద్దున్నే దించి, ఏ పూట పట్టిందో, ఏ పూట వదిలిందో చూడసాగాను. ఎండ గరాజు దాకా వచ్చేసరికి దానంతట అదే టక్కున వదిలేది. ఆ చప్పుడు కోసం వంటింట్లోంచి చెవి పెట్టి వినేదాన్ని.

నేను కారణం కనుక్కునేలోపే ఆ కాలిన వాసన సంగతి మా మరిదికి చేరింది. జనవరిలో ఒక ఉదయం, ఇంకా మంచు విడవకముందే, ఆయన గేటు తీసుకుని వచ్చారు. వెంట కొత్తపేట నుంచి వచ్చిన బ్రోకరు.

"అన్నయ్యా, బండి చూడ్డానికి వచ్చేరు," అన్నారు. నాతో, "కాఫీ ఏమన్నా ఉంటే ఇవ్వండి వదినగారూ," అన్నారు.

మావారు స్నానానికి నీళ్ళు తోడుకుంటున్నారు. తువాలు భుజాన వేసుకుని, చేతిలో తలనూనె సీసా పట్టుకుని బయటకు వచ్చారు. ఆయన తల మీద జుట్టు చెవుల పక్కన మాత్రమే మిగిలింది, అయినా నూనె రాయకుండా స్నానం చెయ్యరు. సీసా తలకిందులు చేసి అరచేతిలో కొడుతున్నారు. ఏమీ రాలేదు.

"ఇదిగో, ఇది కాస్త వేణ్ణీళ్ళలో పెట్టు. పేరుకుపోయింది," అన్నారు నాతో.

సీసా అందుకున్నాను. లోపల నూనె మైనంలా తెల్లగా గడ్డకట్టి ఉంది. చలికాలం ప్రతి పొద్దునా చేసే పనే అది, పెళ్ళయిన నాటినుంచి. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఆయన అడగలేదు. ఆ రోజుల్లో నూనె కరిగే ఉంది.

నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళలేదు. పెరట్లో పొయ్యి మీద స్నానానికి కాగుతున్న నీళ్ళు చెంబుతో ముంచుకుని గరాజు వైపు నడిచాను.

అప్పటికే బ్రోకరు కారులో కూర్చున్నాడు. తాళం మరిది ఇచ్చారు, ఆగస్టునాటిది. హ్యాండ్ బ్రేకు దించి కదిలించబోతే కారు ఒక్కసారి ముందుకు ఒరిగి నిలబడిపోయింది.

"పట్టేసిందండి వెనక," అన్నాడు బ్రోకరు.

"నేను చెప్పలేదా అన్నయ్యా," అన్నారు మరిది. "మొండికేసింది. ఇప్పుడు నువ్వన్న మాట మీద నిలబడు."

"కాస్త జరగండి మరిదిగారూ," అన్నాను.

"ఏంటండి అది, కారుకి స్నానమా?"

"ఆయ్. తలంటు."

వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, కేబులు కాలిపరుకు చేరే చోట నీళ్ళు మెల్లగా పోశాను. ఆవిరి లేచింది. ఏమీ జరగలేదు. మరిది గొంతు సవరించుకున్నారు. మావారు తువాలుతోనే వచ్చి నా పక్కన వంగి చూస్తున్నారు. రెండో చెంబుకు మావారే వెళ్ళి నీళ్ళు తెచ్చారు. అది తొడుగు పొడవునా పోస్తుంటే, మీట టక్కున వెనక్కు జారింది. బ్రోకరు పెడలు మీద కాలేమీ పెట్టకుండానే కారు అరడుగు ముందుకు దొర్లింది.

"కొబ్బరినూనె," అన్నాను. "కేబులు నిండా కొబ్బరినూనె పోశాడు. చలికి పేరుకుంటోంది, ఎండకు కరుగుతోంది. బ్రేకులో ఏ లోపమూ లేదు."

బ్రోకరు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కాలిపరును వేలితో తాకి వాసన చూశాడు. "కొబ్బరినూనేనండి," అన్నాడు మరిదితో. తర్వాత నావైపు తిరిగి, "వెనక డిస్కులు ఎవరు వేసేరండి? బిగింపు బాగుంది. నీళ్ళలో ఎలా ఉందండి?" అన్నాడు.

"తిన్నగా ఆగుతోంది."

"అయితే ధర..." అని ఆయన మావారివైపు చూశాడు. బండి మావారి పేరునే కదా ఉంది.

నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. నిజం నావైపు ఉన్నంత మాత్రాన కారు నావైపు ఉంటుందని లేదు. మాట ఇచ్చింది ఆయన, సంతకం ఆయనది. మావారు వేలితో కేబులు చివర తడిమి, కరిగిన నూనె వేలికి అంటితే చూసుకుని, దాన్ని అలవాటుగా చెవి పక్కన జుట్టుకు రాసుకున్నారు.

"బండి అమ్మటం లేదురా," అన్నారు.

"అదేంటన్నయ్యా, నువ్వే అన్నావు కదా..."

"అన్నాను. బండి మొండికేస్తే అన్నాను. మొండికేసింది బండి కాదు కదా." తువాలు సర్దుకుని, "ఆగస్టులో కూడా తప్పు మీ వదినది కాదు. నేను కళ్ళంలో చూశాను. నీకు అప్పుడే చెప్పవలసింది," అన్నారు.

మా మరిది వంగి చక్రం వైపు చూశారు. "స్టీరింగు కొంచెం తిప్పే ఉంటారండి వదినగారు," అన్నారు చివరికి. అంతకు మించి ఆయన నోటినుంచి ఇంతవరకూ రాలేదు.

మావారి మాట విని నా కళ్ళు చెమర్చిన మాట నిజమే. కానీ ఆ మాట ఆయన తమ్ముడితో అన్నారు, నాతో అనలేదు. అదీ నాకు గుర్తుంది.

ఆ మధ్యాహ్నమే అమలాపురం వెళ్ళి కొత్త కేబులు, కాలిపర్లకు వేసే అసలు గ్రీజు వేయించాను. మెకానిక్ ఇప్పటికీ నూనె మంచిదేనని, చలి ఎక్కువైందని అంటాడు. ఈ చలికాలం ఒక్క ఉదయం కూడా బ్రేకు పట్టలేదు. అల్లవరం వారం వారం వెళ్తున్నాను. ఒక్కొక్కసారి ఆ వైపు పని ఉందని మా మరిది కూడా ఎక్కుతారు, వెనక సీట్లో. ముందు ఏ సైకిలు కనిపించినా ఆయన కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కుతారు. నాకు అద్దంలో కనిపిస్తుంది. నేను ఆయన కాలు తీసేదాకా ఆగి, అప్పుడు బ్రేకు వేస్తాను.